ఆటోనగర్ కౌంటర్ మీద మూడు ఆయిల్ ఫిల్టర్లు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు ముందు నిలబడి చిన్న పెట్రోల్ కారుకు ఆయిల్ ఫిల్టర్ అడిగితే, కౌంటర్ మీదకు చాలాసార్లు మూడు డబ్బాలు వస్తాయి. ఒకటి కారు కంపెనీ పేరుతో ఉన్నది. రెండోది ఫిల్టర్లే తయారుచేసే పేరున్న కంపెనీది. మూడోది ఎన్నడూ వినని పేరుతో, సగం రేటుకే. మూడూ ఒకే ఎత్తు, ఒకే లావు, మర కూడా ఒకటే. "ఏదైనా పడుద్ది సార్" అంటాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. అతను చెప్పింది నిజమే, మూడూ పడతాయి. కానీ మర పట్టడం ఒకటి, ఇంజిన్‌ను కాపాడటం ఇంకొకటి.

ఈ వస్తువుతో ఉన్న చిక్కు ఏమిటంటే, ఇది సీలు చేసిన డబ్బా. కొనేటప్పుడు లోపల ఏముందో కనపడదు, వాడేటప్పుడు ఎలా పనిచేస్తోందో తెలియదు, పాడైనా వెంటనే బయటపడదు. నాసిరకం బ్రేక్ ప్యాడ్ కీచుమని అరుస్తుంది. నాసిరకం బల్బు నాలుగు రోజులకే మాడిపోతుంది. నాసిరకం ఫిల్టర్ మాత్రం నోరెత్తదు. కొన్నేళ్ల తర్వాత ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెట్టి, బోరింగ్ పనికి (అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిచే పనికి) వచ్చినప్పుడు, దీనికి కారణం ఎప్పుడో బిగించిన ఫిల్టర్ కావచ్చని ఎవరికీ తట్టదు. అందుకే ఈ వందల రూపాయల వస్తువు మీద కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టడం అవసరం.

ఫిల్టర్ ఎంత చిన్న రేణువును ఆపుతుందో మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో చెబుతారు. చాలామంది ఆ మైక్రాన్ల లెక్క దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. కృష్ణా, గుంటూరు జిల్లాల ఎండలో, దుమ్ములో, ఆగుతూ కదులుతూ సాగే ట్రాఫిక్‌లో నడిచే కారుకు అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి నాలుగున్నాయి: పార్ట్ నంబరు సరైనదేనా, సరుకు అసలుదేనా, లోపలి రబ్బరు ఎలాంటిది, బైపాస్ వాల్వు ఎలాంటిది. మైక్రాన్ల మాట ఆ తర్వాతే.

ఫిల్టర్ ఏం పట్టుకుంటుంది, ఏం వదిలేస్తుంది

ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్ నుంచి పంపు ఆయిల్‌ను తోడి, ముందు ఫిల్టర్‌లోకి పంపుతుంది. అక్కడి నుంచి అది ఇంజిన్‌లో తిరిగే ప్రధాన షాఫ్టును మోసే క్రాంకు బేరింగులకు, క్యామ్ షాఫ్టుకు, టర్బో ఉంటే దానికి చేరుతుంది. చిన్న పెట్రోల్ కార్లలో మొత్తం ఆయిల్ మూడు, మూడున్నర లీటర్లే. బండి నడుస్తుంటే ఆ కొద్దిపాటి ఆయిలే నిమిషానికి ఎన్నోసార్లు ఈ చిన్న డబ్బాలోంచి దూరి వెళుతుంది.

ఆయిల్‌లోకి చేరే చెత్తలో ఇంజిన్ తనలో తాను అరిగి వదిలే లోహపు పొడి కొంత. బయటి నుంచి ఎయిర్ ఫిల్టర్‌ను దాటుకుని పిస్టన్ రింగుల పక్క నుంచి దిగే ధూళి మరికొంత. ఈ రెండోదాన్ని మన ప్రాంతంలో తక్కువ చేసి చూడకూడదు. రోడ్డు ధూళిలో ఇసుక పాలు ఎక్కువ. ఇసుకంటే సిలికా, మామూలు ఇనుము కన్నా గట్టిది. కృష్ణ ఇసుక లారీల వెనక, అమరావతి పనులకు తిరిగే టిప్పర్ల వెనక, తుళ్లూరు వైపు మట్టి రోడ్ల మీద రోజూ తిరిగే కారు పీల్చే గాలికీ, అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి ఆఫీసు సెల్లార్‌కు వెళ్లే కారు పీల్చే గాలికీ పోలిక లేదు. కాబట్టి ఆయిల్ ఫిల్టర్ ఎంత మంచిది కొన్నా, చిరిగిన ఎయిర్ ఫిల్టర్‌ను అలాగే ఉంచితే ఆ ఖర్చు వృథా. దుమ్ము లోపలికి వచ్చాక పట్టుకోవడం కన్నా గుమ్మం దగ్గరే ఆపడం తేలిక.

తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బేరింగుకూ షాఫ్టుకూ మధ్య నిలిచే ఆయిల్ పొర కొన్ని మైక్రాన్లే. ఆ పొర కన్నా పెద్ద రేణువు మధ్యలో ఇరుక్కుంటే రెండు వైపులా గీరుతుంది. కంటికి కనపడే నలుసుల కన్నా కనపడని 10 నుంచి 30 మైక్రాన్ల రేణువులతోనే ముప్పు ఎక్కువ. 1988లో అమెరికాలో జనరల్ మోటార్స్ వర్గాల నుంచి వచ్చిన ఒక పరిశోధన పత్రాన్ని ఈ రంగంలో ఇప్పటికీ ఉదాహరిస్తారు. 40 మైక్రాన్ల ఫిల్టర్‌తో పోలిస్తే 30 మైక్రాన్లది వాడినప్పుడు ఇంజిన్ అరుగుదల 50 శాతం, 15 మైక్రాన్లది వాడినప్పుడు 70 శాతం తగ్గిందని అందులో తేలింది. అయితే అది ఆయిల్‌లో కావాలని ధూళి కలిపి, అరుగుదలను తొందరపెట్టి చేసిన పరీక్ష. ఆ శాతాలు యథాతథంగా మన కారుకు వర్తిస్తాయని అనుకోకూడదు. ఏ సైజు రేణువులను ఆపితే లాభమో మాత్రం అది స్పష్టంగా చెప్పింది.

ఫిల్టర్ చేయలేని పనులు కూడా తెలిసి ఉండాలి. డీజిల్ ఇంజిన్ మసి రేణువు మైక్రాన్ కన్నా చిన్నది. ఏ మామూలు ఫిల్టరూ దాన్ని పట్టుకోదు. ఆయిల్‌లోని రసాయనాలే ఆ మసిని ముద్ద కట్టకుండా తేలేట్టు ఉంచుతాయి. అందుకే డీజిల్ కారులో ఆయిల్ మార్చిన వారానికే నల్లబడితే ఫిల్టర్ పాడైందని కంగారు పడనక్కర్లేదు. ఆయిల్‌లో కలిసిన పెట్రోలును, ఆమ్లాలను కూడా ఫిల్టర్ వేరుచేయలేదు. ఫిల్టర్ మంచిది కదా అని పాత ఆయిల్‌నే ఇంకో ఐదు వేల కిలోమీటర్లు లాగడం, ఈ తేడా తెలియక చేసే పొరపాటు.

కాగితం, మైక్రాన్లు, డబ్బా మీది మాటలు

ఇంజిన్ ఆయిల్‌కు ఫిల్టర్ పెట్టాలన్న ఆలోచన వయసు వందేళ్లు. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ తెచ్చిన ఫిల్టర్‌కు 'ప్యూర్ ఆయిల్ లేటర్' అన్న మాటలు కలిపి ప్యూరోలేటర్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఇవాళ్టికీ ఆటోనగర్ షాపుల అరల్లో కనపడుతుంది. తిప్పి బిగించే డబ్బా ఫిల్టర్ 1950ల నడుమ వచ్చింది. అప్పటి నుంచి డబ్బా రూపం పెద్దగా మారలేదు. మారిందల్లా లోపలి కాగితం.

మామూలు ఫిల్టర్లలో ఉండేది రెజిన్ పట్టించిన సెల్యులోజ్ కాగితం. పైరకం వాటిలో సెల్యులోజ్‌తో సింథటిక్ పోగులు కలిపిన మిశ్రమం, ఇంకా పైన పూర్తి సింథటిక్ లేదా గాజు పోగులు. సెల్యులోజ్ పోగులు లావుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. సింథటిక్ పోగులు సన్నగా, ఒకే తీరుగా ఉంటాయి. పోగు సన్నబడేకొద్దీ ఖాళీలు చిన్నవి అవుతాయి, కానీ ఖాళీల సంఖ్య పెరుగుతుంది. అందుకే మంచి సింథటిక్ వడపోత పొర చిన్న రేణువులను ఆపుతూనే ఆయిల్‌ను సులువుగా పోనిస్తుంది, చెత్తను ఎక్కువగా నిలవ చేసుకుంటుంది. నీటికీ వేడికీ బాగా తట్టుకుంటుంది.

అలాగని ప్రతి కారుకూ ఖరీదైన సింథటిక్ ఫిల్టరే కావాలనడం సరికాదు. కంపెనీ చెప్పిన 10,000 కిలోమీటర్లకు, లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు తప్పకుండా మార్చేవారికి మంచి సెల్యులోజ్ ఫిల్టర్ చక్కగా సరిపోతుంది. గడువులు ఎక్కువగా ఉన్న కార్లకు, టర్బో పెట్రోల్ ఇంజిన్లకు, పలుచటి ఆయిల్ వాడే కొత్త ఇంజిన్లకు పైరకం మీద పెట్టే అదనపు డబ్బుకు అర్థం ఉంది.

ఇక మైక్రాన్ల సంగతి. "20 మైక్రాన్ల ఫిల్టర్" అన్న మాటకు ఒంటరిగా విలువ లేదు. 20 మైక్రాన్ల రేణువుల్లో ఎన్నింటిని ఆపుతుందన్నదే అసలు ప్రశ్న. సగం ఆపినా 20 మైక్రాన్ల ఫిల్టరే అని రాసుకోవచ్చు, నూటికి తొంభై తొమ్మిది ఆపినా అలాగే రాసుకోవచ్చు. దీన్ని కొలవడానికి ఐఎస్ఓ 4548-12 అనే అంతర్జాతీయ పరీక్ష పద్ధతి ఉంది. అందులో ఫలితాన్ని బీటా నిష్పత్తిగా చెబుతారు. ఫిల్టర్‌లోకి ఒక సైజు రేణువులు 75 వెళ్లి, బయటకు ఒకటే వస్తే బీటా 75, శాతంలో 98.7. రెండు వెళ్లి ఒకటి బయటకొస్తే బీటా 2, అంటే 50 శాతమే. డబ్బా మీద గానీ, కంపెనీ ఇచ్చే వివరాల్లో గానీ మైక్రాన్ల పక్కన శాతం, ఆ పక్కన పరీక్ష పేరు ఉంటే ఆ మాటను లెక్కలోకి తీసుకోవచ్చు. శాతం లేని మైక్రాన్ల అంకె ప్రకటన మాత్రమే.

మడతల సంఖ్య లెక్కపెట్టి నాణ్యత తేల్చేవారూ ఉన్నారు. మడతలు ఎక్కువైతే కాగితం విస్తీర్ణం పెరుగుతుందన్నది నిజం. కానీ మరీ కిక్కిరిసిపోతే మడతల మధ్యకు ఆయిలే దూరదు. సంఖ్య కన్నా మడతల మధ్య ఎడం సమంగా ఉండటం, అంచుల దగ్గర జిగురు ఎక్కడా ఖాళీ లేకుండా పట్టడం ముఖ్యం. జిగురు వదిలిన చోట నుంచి ఆయిల్ కాగితాన్ని తాకకుండానే జారిపోతుంది. అప్పుడు కాగితం ఎంత గొప్పదైనా ఒకటే.

పొద్దున్నే వినపడే చప్పుడు

డబ్బా ఫిల్టర్‌ను తిరగేసి చూస్తే, మధ్యలో మర ఉన్న పెద్ద రంధ్రం, చుట్టూ చిన్న రంధ్రాలు కనపడతాయి. ఆ చిన్న రంధ్రాల వెనక రబ్బరు రేకు ఒకటి ఉంటుంది. దాని పేరు యాంటీ డ్రెయిన్ బ్యాక్ వాల్వు. ఇంజిన్ ఆపినప్పుడు ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి ఛాంబర్‌లోకి కారిపోకుండా ఆపడమే దాని పని. ఫిల్టర్ అడ్డంగా గానీ, మూతి కిందికి ఉండేలా గానీ బిగించే ఇంజిన్లలో ఈ రేకు చాలా ముఖ్యం. మూతి పైకి ఉండేలా నిలువుగా బిగించేవాటిలో ఆయిల్ సహజంగానే నిలుస్తుంది కాబట్టి దాని మీద భారం తక్కువ.

ఈ రేకు సరిగ్గా లేకపోతే రాత్రంతా ఆయిల్ దిగిపోతుంది. పొద్దున్నే తాళం తిప్పగానే మొదటి రెండు మూడు సెకన్లు టకటకమని చప్పుడొస్తుంది, ఆయిల్ లైటు ఆరడానికి మామూలు కన్నా ఎక్కువ సేపు పడుతుంది. పంపు ముందు ఖాళీ డబ్బాను నింపి, ఆ తర్వాతే బేరింగులకు ఆయిల్ అందించాలి కదా. ఇంజిన్ అరుగుదలకు ఆ కొద్ది సెకన్లు మంచివి కావు. కొత్త ఫిల్టర్ వేయించిన మర్నాటి నుంచే ఈ చప్పుడు మొదలైతే, టాపెట్లు (వాల్వులను కదిలించే భాగాలు) విప్పే ముందు ఆ ఫిల్టర్‌ను అనుమానించాలి.

రేకు రెండు రకాల రబ్బరుతో వస్తుంది: నైట్రైల్, సిలికాన్. నైట్రైల్ చవక. వేడికి ఏళ్ల తరబడి, కిలోమీటర్ల తరబడి గురైతే గట్టిపడి, అట్ట ముక్కలా బిర్రుగా తయారై, అంచు సరిగ్గా ఆనదు. సిలికాన్ చాలా ఎక్కువ వేడి దాకా మెత్తగానే ఉంటుంది. ఇక్కడ బెజవాడ ఎండ ప్రస్తావన వస్తుంది. నిజానికి బయట 45 డిగ్రీలు ఉన్నంత మాత్రాన లోపలి ఆయిల్ అంతే మోతాదులో వేడెక్కదు. థర్మోస్టాటు, రేడియేటరు ఇంజిన్‌ను తమ అదుపులో ఉంచుతాయి. ఆయిల్ మామూలుగానే 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది. తేడా వచ్చేది మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గరో, రామవరప్పాడు రింగు దగ్గరో ఏసీ వేసుకుని బండి నిలిచిపోయినప్పుడు, ఆ తర్వాత ఎండలోనే ఇంజిన్ ఆపేసినప్పుడు. గాలి కదలని బానెట్ కింద ఆ వేడి చాలాసేపు దిగదు. రోజూ అలాంటి వేడి తినే రబ్బరు ఏ రకానిదన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. రెండు ఫిల్టర్ల మధ్య ఎంచుకోవలసి వస్తే, తతిమ్మావన్నీ సమానమైనప్పుడు, సిలికాన్ రేకు ఉన్నదానికే మొగ్గాలి.

సిలికాన్ రేకు ఎక్కువగా నారింజ లేదా ఎరుపు రంగులో, నైట్రైల్ నలుపులో ఉంటాయి. రంగు కలపడం ఎవరికైనా సాధ్యమే కాబట్టి రంగు చూసి తీర్పు చెప్పకూడదు. శుభ్రమైన అగ్గిపుల్ల వెనక కొసతో చిన్న రంధ్రంలోంచి మెల్లగా నొక్కి చూస్తే మంచి రేకు లొంగి, వదలగానే తిరిగి వచ్చి ఆనుతుంది. బిర్రుగా ఉన్నా, వంకరగా ఆనినా, అసలు రేకే లేకపోయినా ఆ డబ్బా వెనక్కి ఇచ్చేయాలి. షాపువాళ్లు దీనికి అడ్డు చెప్పరు. చెబితే అదే ఒక సమాచారం.

బైపాస్ వాల్వు ఇంకో ముఖ్యమైన భాగం. కాగితం పూడిపోయి ఆయిల్ వెళ్లే దారి లేనప్పుడు, ముందూ వెనకా ఒత్తిడి తేడా సుమారు 1 బార్‌కు చేరగానే ఈ వాల్వు తెరుచుకుని, వడపోయని ఆయిల్‌నే బేరింగులకు పంపిస్తుంది. ఆయిల్ అసలు అందకపోవడం కన్నా మురికి ఆయిల్ అందడమే నయం. అయితే ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలన్నది ఒక్కో ఇంజిన్‌కు ఒక్కోలా నిర్ణయిస్తారు. కొన్ని ఇంజిన్లలో ఈ వాల్వు ఇంజిన్‌లోనే ఉంటుంది, ఫిల్టర్‌లో ఉండదు. స్ప్రింగు బలహీనమైతే వాల్వు ఊరికే తెరుచుకుంటుంది. అప్పుడు ఫిల్టర్ ఉన్నా లేనట్టే. స్ప్రింగు బిగుసుకుపోతే పూడిన కాగితం ఒత్తిడికి చిరిగి ముక్కలు ఆయిల్‌లో కలుస్తాయి. చలి దేశాల్లో గడ్డకట్టినట్టు చిక్కబడే ఆయిల్ వల్ల ఈ వాల్వు పొద్దున్నే తెరుచుకుంటుందని అక్కడివాళ్లు ఎక్కువ చర్చిస్తారు. గుంటూరు డిసెంబరులోనూ ఆ సమస్య రాదు. ఇక్కడ వాల్వు తెరుచుకుంటే దానికి ప్రధాన కారణం గడువు దాటించి పూడబెట్టిన ఫిల్టరే.

"మర ఒకటేగా, కాస్త పొడుగు డబ్బా వేస్తే ఎక్కువ వడపోస్తుంది" అన్న సలహా షెడ్డుల్లో వినపడేది అందుకే ప్రమాదకరం. పొడుగు డబ్బాలో వాల్వు లెక్క వేరు కావచ్చు, స్పీడ్ బ్రేకర్‌కు తగలవచ్చు. మరల విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. 20 మిల్లీమీటర్ల మెట్రిక్ మర, ముప్పావు అంగుళం మర చూపుకు ఒకేలా ఉంటాయి. ముప్పావు అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు. మెట్రిక్ మర ఉన్న ఫిల్టర్‌ను ముప్పావు అంగుళం బోల్టు మీద తిప్పితే వదులుగానే అయినా ఎక్కుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. తర్వాత 3 నుంచి 5 బార్ల ఆయిల్ ఒత్తిడికి హైవే మీద అది వదులైపోతే నిమిషాల్లో ఆయిలంతా రోడ్డు పాలై ఇంజిన్ సీజ్ అయి బిగుసుకుపోతుంది. కొలత చూసి కాకుండా పార్ట్ నంబరు చూసే కొనాలనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

మూడు డబ్బాల్లో ఏది

కారు కంపెనీ పేరుతో వచ్చే ఫిల్టర్‌ను ఎక్కువగా ఆ కంపెనీ తయారుచేయదు. ఫిల్టర్లే వ్యాపారంగా ఉన్న సంస్థలు కంపెనీ ఇచ్చిన లెక్కల ప్రకారం తయారుచేసి ఇస్తాయి. మారుతి జెన్యూన్ పార్ట్స్, హ్యుందాయ్ కార్లకు మోబిస్ పేర్లతో వచ్చే ప్యాకెట్లు ఈ కోవలోవి. బాష్, మాలే, మాన్, ప్యూరోలేటర్, ఎలోఫిక్ వంటి పేర్లతో అదే కార్లకు సరిపోయేవి విడిగా మార్కెట్‌లో దొరుకుతాయి. ఈ రెండు వర్గాల్లో దేన్ని తీసుకున్నా, సరైన నంబరుదై, అసలు సరుకై ఉంటే కారుకు ఇబ్బంది లేదు. బ్రాండ్ల మధ్య ఉన్న తేడా కన్నా, అసలుకూ నకిలీకీ ఉన్న తేడా ఎన్నో రెట్లు పెద్దది. అంతగా అమ్ముడుపోయే పేర్లకే నకిలీలు ఎక్కువ పుడతాయి కూడా.

అందువల్ల మూడో డబ్బా గురించి ఎంత జాగ్రత్త పడాలో, మొదటి డబ్బా గురించీ అంతే జాగ్రత్త పడాలి. ప్యాకెట్ మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. ప్యాక్ చేసి అమ్మే సరుకుల మీద ఈ వివరాలు ఉండాలని 2011 నాటి నిబంధనలు చెబుతున్నాయి. తూనికలు కొలతల శాఖ వాటిని చూస్తుంది. హోలోగ్రామ్, క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తో స్కాన్ చేసి చూడాలి. ప్యాకెట్ మీది నంబరూ, లోపలి డబ్బా మీద అచ్చు వేసిన నంబరూ ఒకటేనా పోల్చాలి. నకిలీల్లో అక్షరాలు మసకగా, పెయింటు గోటికి లేచొచ్చేలా ఉంటుంది. మర లోపల రజను కనపడినా, గాస్కెట్ (మూతి చుట్టూ ఉండే రబ్బరు రింగు) గాడిలో కుదురుగా కూర్చోకపోయినా వద్దనాలి. తీసేసిన పాత ఒరిజినల్ ఫిల్టర్‌లో ఆయిల్ కార్చేశాక, దాన్ని ఒక చేత్తో, కొత్తదాన్ని ఒక చేత్తో పట్టుకుంటే బరువులో పెద్ద తేడా ఉందేమో చెయ్యే చెబుతుంది.

బిల్లు లేకుండా పది రూపాయలు తగ్గిస్తామంటే ఆ పది రూపాయలు వదులుకోవడమే మంచిది. జీఎస్టీ బిల్లు ఉంటేనే నకిలీ అని తేలినప్పుడు అడిగే హక్కు చేతిలో ఉంటుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫిర్యాదు చేయాలన్నా ముందు అడిగేది బిల్లే. వారంటీ ఉన్న కారుకైతే బిల్లు ఇంకా ముఖ్యం. బయట పని చేయిస్తే వారంటీ మొత్తం పోతుందన్న భయం చాలామందిలో ఉంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసిన తీర్పులో ఈ మాటను ప్రత్యేకంగా పట్టించుకుంది. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన వారంటీ రద్దు అనే మూకుమ్మడి షరతు పెట్టకూడదని, బయటి పని లోపం వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చని చెప్పింది. ఆ తీర్పు మీద తర్వాత అప్పీళ్లు నడిచాయి. ఏదేమైనా సరైన నంబరు ఫిల్టర్, దాని బిల్లు, మార్చిన తేదీ, కిలోమీటర్ల రీడింగు దగ్గర ఉన్నవాడి వాదనకు బలం ఉంటుంది. వారంటీ ఉన్నంతకాలం కంపెనీ ఫిల్టరే వేయించడం తలనొప్పి లేని దారి.

రేటు గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆయిల్ మార్పు ఖర్చులో ఎక్కువ భాగం ఆయిల్‌ది, మజూరీది. ఫిల్టర్ వాటా చాలా చిన్నది. అయినా కోత పెట్టాల్సి వస్తే మొదట గుర్తొచ్చేది ఫిల్టరే. "ఈసారికి పాతదే ఉంచేద్దాం" అంటే, ఆ డబ్బాలో మిగిలిన పావు లీటరు దాకా మురికి ఆయిల్ మూడు లీటర్ల కొత్త ఆయిల్‌లో మొదటి నిమిషంలోనే కలుస్తుంది. పైగా పాత ఫిల్టర్ ఇంకో 10,000 కిలోమీటర్లు లాగేసరికి పూడి, బైపాస్ తెరుచుకుని, చివరి నెలల్లో వడపోతే ఉండదు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ మార్చాల్సిందే.

పటమట నుంచి గవర్నర్‌పేటకు, బ్రాడీపేట నుంచి అరండల్‌పేటకు రోజూ చిన్న చిన్న ముక్కలుగా తిరిగే కారుకు గడువును కిలోమీటర్లతో కొలవడం మోసపోవడమే. మీటరు ఏడాదికి 5,000 చూపించినా, సిగ్నళ్ల దగ్గర నిలబడి ఇంజిన్ నడిచిన గంటలు చాలా ఎక్కువ. కంపెనీ మాన్యువళ్లలో ఇలాంటి వాడకాన్ని, దుమ్ము రోడ్లను 'కఠిన పరిస్థితులు' అన్న శీర్షిక కింద విడిగా చూపించి, గడువు తగ్గించమంటారు. ఆ పేజీ చదివేవారు తక్కువ. మిర్చి సీజన్‌లో యార్డు చుట్టూ తిరిగే బండ్లు, రాజధాని పనుల సైట్లకు వెళ్లే బండ్లు నిస్సందేహంగా ఆ కోవలోకే వస్తాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో సింగ్ నగర్ పరిసరాల్లో మునిగిన కార్ల సంగతి వేరు. ఇంజిన్‌లోకి నీరు చేరితే ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుంది. సెల్యులోజ్ కాగితం నీటిని పీల్చి ఉబ్బి, ఆయిల్‌కు దారి మూసేస్తుంది. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా ఆయిలూ ఫిల్టరూ రెండూ తీసేసి, కొత్తవి వేసి, కొద్దిసేపు నడిపాక మళ్లీ రెండూ మార్చాలి. ఆయిల్ ఒక్కటే మార్చి ఊరుకుంటే ఉబ్బిన ఫిల్టర్ లోపలే ఉండిపోతుంది.

బిగించేటప్పుడు

మంచి ఫిల్టర్‌ను చెడగొట్టడానికి బిగించే తీరు చాలు. పాత ఫిల్టర్ గాస్కెట్ ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. దాని మీద కొత్తది బిగిస్తే రెండు గాస్కెట్లు ఒకదాని మీద ఒకటి జారి ఆయిల్ చిమ్ముతుంది. ఆ చోటును వేలితో తడిమి, గుడ్డతో తుడవాలి. కొత్త గాస్కెట్‌కు కాస్త ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, గాస్కెట్ ఆనిన తర్వాత దాదాపు ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. డబ్బా మీద ఎంత చుట్టాలో రాసి ఉంటే దాన్నే పాటించాలి. రెంచి పెట్టి బలమంతా చూపిస్తే గాస్కెట్ నలిగిపోతుంది, మళ్లీ మార్చేటప్పుడు డబ్బా ఊడి రాక స్క్రూడ్రైవర్‌తో పొడిచి తిప్పాల్సి వస్తుంది.

చాలా డీజిల్ కార్లలో, కొన్ని పెట్రోల్ కార్లలో డబ్బా బదులు ప్లాస్టిక్ మూత కింద విడి కాగితపు కార్ట్రిడ్జ్ ఉంటుంది. ఇక్కడ కాగితం, మడతలు కంటికి కనపడతాయి కాబట్టి ఎంపిక సులువు. కార్ట్రిడ్జ్‌తో పాటు వచ్చే 'ఓ-రింగు'లను (గుండ్రటి రబ్బరు సీళ్లను) మాత్రం పారేయకుండా పాతవాటి స్థానంలో వేయాలి. మూత మీద ఎంత బిగించాలో చాలాసార్లు అచ్చు వేసే ఉంటుంది. ఎక్కువ బిగిస్తే మూత పగులుతుంది.

ఇంజిన్ స్టార్ట్ చేశాక ఆయిల్ లైటు ఆరే దాకా యాక్సిలరేటర్ తొక్కకూడదు. ఒక నిమిషం నడిపి, ఆపి, కిందికి వంగి ఫిల్టర్ చుట్టూ తడి ఉందేమో చూసి, ఐదు నిమిషాలు ఆగి గేజ్ పుల్లతో మట్టం చూసుకోవాలి. తీసిన ఫిల్టర్‌ను ఒక రాత్రి బోర్లించి ఉంచితే మిగిలిన ఆయిల్ దిగుతుంది. ఆ ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కోవలోది. దాన్ని వాడిన ఆయిల్ కొనేవారికి ఇవ్వాలి. ఏలూరు కాలువలోకో, బందరు కాలువలోకో చేరే డ్రెయిన్‌లో పోయడం నేరం, పాపం కూడా.

వీలైతే ఆ పాత డబ్బాను పారేసే ముందు మెకానిక్ చేత అంచు కోయించి, కాగితం విప్పి వెలుగులో చూడాలి. ముతకగా ఎక్కడికక్కడ చిరిగి ఉంటే, జిగురు ఊడి ఉంటే ఆ బ్రాండును మళ్లీ కొననక్కర్లేదు. మడతల్లో మెరిసే పొడి దగ్గరకు అయస్కాంతం పెడితే అతుక్కునేది ఇనుము, అతుక్కోని తెల్లటి మెరుపు అల్యూమినియం. కొద్దిపాటి పొడి ఏ ఇంజిన్‌కైనా మామూలే. రాగి రంగు రేకులు కనపడితే మాత్రం బేరింగు అరుగుతున్నట్టు. అలాంటి కారును హైదరాబాద్ రోడ్డెక్కించే ముందు ఆటోనగర్‌లోనే ఆయిల్ ప్రెజర్ కొలిపించాలి.